రాగి రేకు వెనక వైపు

"రాగి లెక్క కనపడాలె మేడం, కని రాగి వద్దు."

నేను చదివిన శిక్షణ సంస్థ నుంచి మా దుకాణానికి వచ్చిన క్లర్కు అన్న మాట ఇది. నిజామాబాద్ బస్టాండుకు దగ్గరలో నాకొక చిన్న దుకాణం ఉంది. షీల్డులు, మెమెంటోలు, ఇంటి నేమ్‌ప్లేట్లు, రిటైరయ్యే సార్లకు ఇచ్చే వీణలూ ఏనుగులూ అమ్ముతాను. ఇలాంటి మాటలు నాకు కొత్త కాదు. బంగారంలా ఉండాలి కానీ బంగారం కాకూడదంటారు, టేకులా ఉండాలి కానీ టేకు కాకూడదంటారు. అడిగింది చేసిచ్చి పంపిస్తాను. ఆ రోజు మాత్రం అతను జేబులోంచి తీసి బల్ల మీద పెట్టిన చీటీని రెండుసార్లు చదువుకున్నాను. చీటీ మీద అక్కడ మాకు రేకు పని నేర్పిన ఆపా పేరుంది. పేరుకు ముందు 'కీర్తిశేషులు' అని, కింద 'స్మారక మెటల్ క్రాఫ్ట్ గది' అని రాసుంది.

ఆపా పోయిన సంగతి నాకు అప్పటికే తెలుసు. బోధన్ నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేస్తే పోయి కడసారి చూసి వచ్చాను. తెలియనిదల్లా ఆ సంస్థకు ఆమె మీద ఇంత ప్రేమ ఉందన్న సంగతే.

"ఆ గదిల ఇప్పుడు ఏం నడుస్తుంది?" అని అడిగాను.

"స్పోకెన్ ఇంగ్లీషు ల్యాబ్ ఉన్నది మేడం."

"మరి మెటల్ క్రాఫ్ట్ గది అని రాపిస్తున్నరు?"

"పేరు అట్ల పెడుతున్నరు. క్లాసులైతే అవే నడుస్తయి."

నిజమైన రాగి మీద నేనే చేసిస్తాను, పైసా ఇవ్వొద్దు అన్నాను. క్లర్కు బయటికి పోయి ఎవరికో ఫోన్ చేసి వచ్చాడు. "రాగి నల్లబడుతదంట మేడం. తోమేటోళ్ళు ఎవరుండరంట. అక్రిలిక్ మీదనే చెయ్యమంటున్నరు, మంచిగ మెరిసేటట్టు."

ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ ప్లాస్టిక్ ముక్క మీద రాశాను, అది చాలు. అసలు మాలో ఎవరి పేరునూ ఆమె ఏనాడూ పలికిన పాపాన పోలేదు. అందర్నీ ఊరి పేరుతోనే పిలిచేది. నేను నవీపేట. నా పక్కన కూర్చునేది ఇందల్వాయి. కోటగిరి నుంచి ఇద్దరుండేవాళ్ళు కాబట్టి పెద్ద కోటగిరి, చిన్న కోటగిరి. పెద్ద కోటగిరి పెళ్ళి కుదిరి నడుమనే మానేసినా, చిన్న కోటగిరి చివరిదాకా చిన్న కోటగిరిగానే ఉండిపోయింది. మేం ఎవరమైనా మేడం అని పిలిస్తే, "మేడం ఆఫీసుల కుర్సీ మీద ఉంటది, గాడికి పోయి మాట్లాడు" అని మొహం తిప్పుకునేది. ఆపా అంటేనే పలికేది.

అది ఆడపిల్లల శిక్షణ సంస్థ. కుట్లు, అల్లికలు, కంప్యూటరు, బ్యూటీషియన్ కోర్సులు. వాటి మధ్య ఎవరికి బుద్ధి పుట్టి పెట్టారో గానీ మెటల్ క్రాఫ్ట్ కూడా ఉండేది. మిగతా వాటిలో సీటు దొరకని వాళ్ళం వచ్చి అందులో పడేవాళ్ళం. నేను బ్యూటీషియన్ కోసమని ఇంట్లో ఏడ్చి గోల చేసి వచ్చినదాన్ని. మా బాపు పసుపు ఉడకబెట్టే పనిలో ఉండి కూడా నన్ను వెక్కిరించడం మానలేదు. "మొకాలకు రంగులేసుడు నేర్సుకుంటనని పోయి రేకులకు రంగులేసుడు నేర్సుకుంటున్నవా బిడ్డా" అనేవాడు.

రంగులు కాదు, యాసిడ్. రాగి రేకు మీద పువ్వులూ తీగలూ తేల్చడం మా పని. ఉలితో కాదు. రేకును చింతపండు, ఉప్పు పెట్టి తోమి, వేలిముద్ర కూడా పడకుండా అంచులు పట్టుకుని ఆరబెట్టి, దాని మీద నల్లటి డాంబర్ వార్నిష్‌తో బొమ్మ వేయాలి. ఆరాక యాసిడ్ తొట్టిలో పెట్టాలి. వార్నిష్ ఉన్న చోటును యాసిడ్ ముట్టదు, లేని చోటును తింటుంది. తిన్న చోటు పల్లమై, కప్పిన బొమ్మ ఎత్తుగా నిలుస్తుంది. ఆ తర్వాత కిరోసిన్‌తో వార్నిష్ కడిగేయడమే. ఆపా దాన్ని యాసిడ్ అనేది కాదు, తేజాబ్ అనేది. తుప్పు నీళ్ళ రంగులో ఉండే ఆ తేజాబ్ మరక వేలికి అంటితే ఒక పట్టాన పోదు. ఆమె వేళ్ళు ఎప్పుడూ పసుప్పచ్చగా ఉండేవి. బోధన్ బస్సులో పక్కన కూర్చున్న వాళ్ళు "పసుపు మార్కెట్ల పనా అమ్మా?" అని అడిగేవారట. "అవునంటి. తేజాబ్ అని చెప్తే పక్కల కూసోరు గద" అని మాకు చెప్పి తనే నవ్వేది.

కుంచె పట్టుకోవడం మాలో ఒక్కరికీ రాదు. గీత గీయమంటే చేతులు వణికేవి. కొన్నాళ్ళు చూసి ఆపా విసిగిపోయి, ఒకరోజు బజారు నుంచి ఖాళీ మెహందీ కోన్లు తెచ్చింది. చిక్కటి వార్నిష్‌ను వాటిలో నింపి మా చేతుల్లో పెట్టింది. "ఒకరి చేతులు ఒకరు గుంజుకోని పండుగ పండుగకు పెడ్తరు గద? గదే ఇక్కడ పెట్టుండ్రి" అంది. అంతే. అప్పటిదాకా గీత రానివాళ్ళం మామిడి పిందెలు, నెమళ్ళు, వలలాంటి జాలీలు, అరచేతి మీద వేసేవన్నీ రాగి మీద దింపేశాం. రేకు మీద కోన్ పట్టడం అలా మా గదిలో పుట్టింది.

దాంతో పాటు ఒక తప్పు కూడా పుట్టింది. చేతి మీద కోన్ పెట్టిన చోటే కదా ఎరుపు పండేది. రాగి మీద కూడా పెట్టిన చోటే తేజాబ్ పని చేస్తుందని మా చేతులకు ఒక మొండి నమ్మకం. ఆపా ముందే చెప్పింది, మేం తలలూపాం, చేతులు మాత్రం వాటి దారినే పోయాయి. చిన్న కోటగిరి ఒక పెద్ద నెమలిని పల్లంగా దింపాలనుకుని ఈకలన్నీ వార్నిష్‌తో నింపింది. తొట్టిలోంచి తీస్తే చుట్టూ ఉన్నదంతా పోయి నెమలి ఉబ్బిన పొట్టతో బయటికి వచ్చింది. అది చూసి పిల్ల ఏడుపు లంకించుకుంది. "అరె, గిది చెయ్యి కాదే. ఇక్కడ కప్పింది ఉంటది, కప్పంది పోతది. బస్. గింతే ఇల్ము, గింతే సదువు" అని ఆపా దాని ముక్కు తన కొంగుతో తుడిచి, మళ్ళీ అదే నోటితో "రేకు ఖరాబ్ చేసినవ్ గదనే దొంగదానా" అని తిట్టింది.

ఆమె గురించి ఎవరడిగినా నాకు ముందుగా గుర్తొచ్చేది ఒకటే. రేకు పూర్తి చేసి ఎంత మురిసిపోతూ తెచ్చిచ్చినా ఆమె బొమ్మ వైపు చూసేది కాదు. రెండు అరచేతుల మధ్య అంచులు పట్టుకుని, తిప్పి, వెనక చూసేది. బొటనవేలితో నాలుగు అంచులూ తడిమేది. "ఎనక సూపియ్యి" అనే మాట ఆ గదిలో వినని రోజు లేదు. కొత్తవాళ్ళం ముందువైపు ముద్దుగా ముగ్గులు పెట్టి, వెనక వార్నిష్ పూత వేయడం మర్చిపోయేవాళ్ళం. మర్చిపోవడం కూడా కాదు, దండగ అనుకునేవాళ్ళం.

నా మొదటి రేకు అలాగే తెచ్చాను. తిప్పి చూసింది. వెనక రాగి నిగనిగలాడుతోంది.

"ఎనక ఏది పూత?"

"ఎనక గోడకు పోతది గద ఆపా. ఎవరు సూస్తరు?"

"తేజాబ్ సూస్తది" అంది.

అని, నన్ను పూత వేయనివ్వకుండా ఆ రేకును అలాగే తొట్టిలోకి దించింది. పక్కనే నిలబడి చూడమంది. ముందు నుంచి తింటూ, వెనక నుంచి తింటూ, నేను రెండు రోజులు కూర్చుని పెట్టిన తామర పువ్వు నడిమధ్య వెలుతురు కనిపించింది. ఆ చిల్లుల రేకును ఆపా మేకు కొట్టి నేను కూర్చునే చోటికి సరిగ్గా ఎదురుగా వేలాడదీసింది. కోర్సు ఉన్నన్నాళ్ళూ అది అక్కడే వేలాడింది. ఆమె మీద నాకు చాలా రోజులు కోపం పోలేదు. ఆమె మంచిదని చెప్పడానికి నేనిది రాయడం లేదు. మంచిగా చెప్తే అర్థమయ్యేదాన్ని కూడా కుళ్ళబొడిచే చెప్పేది. ఆమె నోట వచ్చే అతి పెద్ద మెప్పుదల "నడుస్తది" అన్న మాట. ఆ మాట నాకు రెండుసార్లో మూడుసార్లో దక్కింది.

ఆ తిప్పి చూసే అలవాటు రేకులతో ఆగేది కాదు. పెళ్ళి కార్డు ఇస్తే వెనక చూసేది. బట్టల దుకాణంలో చీర కొంగు మడత విప్పకుండా ముందు తిరగేసి కుట్టు చూసేది, దుకాణం వాడు ముఖం మాడ్చుకునేవాడు. నాకు సంబంధం వచ్చిందని అబ్బాయి ఫోటో చూపిస్తే దాన్నీ తిప్పింది. వెనక స్టూడియో ముద్ర ఉంది. "పిలగానిది నాందేడ్ అంటివి, ఫోటో ఆర్మూర్ల దిగిండు. ఏం సంగతి అడుగు" అంది. అడిగితే ఏమీ లేదు, వాళ్ళ మేనత్తది ఆర్మూరట. తర్వాత తర్వాత అందరం ఫోన్లో ఫోటోలు చూపించడం మొదలుపెట్టాక ఆమెకు చిరాకెత్తేది. "దీనికి ఎనక ఉండది, నమ్మేదెట్ల?" అని ఫోన్ తిరిగి చేతిలో పెట్టేసేది.

ఇప్పుడు బకెట్ల సంగతి చెప్పాలి. నాకు మండేది అక్కడే.

వాడేసిన తేజాబ్‌ను ఆపా బయట పోయనిచ్చేది కాదు. సంస్థ వెనక మోరీ పోయి పొలాల కాలువలో కలుస్తుంది. అందుకని మా చేత తుప్పు మేకులు, సైకిల్ పుల్లలు, సీసా మూతలు ఏరించి వాడేసిన నీళ్ళలో వేయించేది. నీళ్ళలో కరిగిన రాగి ఆ ఇనుమును పట్టుకుని ఎర్రటి మడ్డిలా దిగేది. ఆ మీదట సోడా కలిపి, వడగట్టి, మడ్డిని మూతల బకెట్లలో దాచేది. అదంతా నిదానంగా సాగే పని. అందుకే పని పూర్తయిన బకెట్లు, కానివి, గోడ పొడుగునా వరసగా ఉండేవి. వీటిని ఎక్కడికి పంపాలో చెప్పండని ఆఫీసును అడుగుతూనే ఉండేది. "చూద్దాం మేడం" అని ఆఫీసు అంటూనే ఉండేది.

మా ఆఖరి ఏడు ఒక పెద్దమనిషి మా సంస్థకు వస్తున్నాడన్నారు. గదులన్నీ చూస్తాడు, ఆవరణలో మామిడి మొక్క నాటుతాడు. ఆపా బక్రీదుకు సెలవులో ఉంది. పండగ మరునాడే ఆ పెద్దమనిషి రాక. ప్రిన్సిపాల్ సార్ కూలీలను పెట్టి గదులన్నీ శుభ్రం చేయించాడు. మా గదిలోకి వచ్చి మూత తీసి చూసి ముక్కు మూసుకుని "ఇవన్నీ బయట పారబొయ్యండి" అన్నాడు. మేం హాస్టల్లో ఉండేవాళ్ళం, కిటికీలోంచి చూస్తూనే ఉన్నాం. చిన్న కోటగిరి దిగి పోయి "సార్, అది తేజాబ్, పోయొద్దంట సార్" అని చెప్పింది కూడా. "చదువుకో పో" అన్నాడు. కూలీలు పాపం మోరీ దాకా మొయ్యలేక దగ్గర్లో దొరికిన గుంతలో పోశారు. ఆ గుంత మర్నాటి మామిడి మొక్క కోసం తవ్వి పెట్టింది.

పెద్దమనిషి వచ్చాడు, అదే గుంతలో మొక్క నాటాడు, ఫోటోలు దిగాడు, పోయాడు. మొక్క పక్కన ఆయన పేరుతో రాయి కూడా పాతారు.

ఆపా సెలవు నుంచి రాగానే ఖాళీ బకెట్లు చూసింది. మమ్మల్ని అడిగింది. నేరుగా మొక్క దగ్గరికి పోయి, మట్టి పిడికెడు తీసి నలిపి, అదే చేత్తో ప్రిన్సిపాల్ గదిలోకి పోయింది. "సార్, గా చెట్టు బతకది. జల్దీ తీసి ఇంకో కాడ ఇంకోటి పెట్టుండ్రి. ఎవరికి తెల్వది" అని చెప్పింది. మంచి మాటే చెప్పింది. ఆయన "పొద్దుపొద్దున ఏం మాటలమ్మా అవి" అని కసురుకున్నాడు. వారం తిరగకముందే మొక్క ఆకులు మాడి రాలాయి. మోడు, దాని పక్కన పెద్దమనిషి పేరున్న రాయి, రెండూ పడేలా ఎవరో ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు.

పై నుంచి ఇద్దరు అధికారులు విచారణకు వచ్చారు. దానికి ముందు రోజు ప్రిన్సిపాల్ సార్ ఆపాను పిలిచి మాట్లాడాడని మాకు తర్వాత తెలిసింది. కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడట. "వాళ్ళు ఎవరి పేరన్నా చెప్పకుంటే పోరు మేడం. నా పేరొస్తే నేను ట్రాన్స్‌ఫర్ అయిపోత, వచ్చేటోడు మీ గదిని ఉంచడు. మీరు పొరపాటున పోసిన అని ఒక్క మాట అనుండ్రి. గదికి ఏం కాదు. నాది పూచీ" అన్నాడట.

మమ్మల్ని కూడా పిలిచి ఆఫీసు గదిలో గోడ వెంబడి నిలబెట్టారు. మేం అన్నీ చెప్పేద్దామని గట్టిగా అనుకునే పోయాం. "ఆ బకెట్లు ఎవరు పోశారు?" అని అధికారి అడగ్గానే నేను ఒక అడుగు ముందుకేశాను.

"నవీపేటా, నోరు ముయ్యి" అంది ఆపా.

ఆ తర్వాత చేతులు కొంగులో దాచుకుని, ఆ అధికారుల వైపు కాకుండా బల్ల అంచు వైపు చూస్తూ, "నేనే పోసిన. తప్పయింది. మాఫ్ చెయ్యిండ్రి" అంది. ఆమె నోట మాఫ్ అనే మాట నేను అదే మొదటిసారి వినడం. ఆమె చేత ఒక తప్పును తప్పని ఒప్పించడం మా తరం అయ్యేది కాదు, చేసిన తప్పునే ఒప్పుకునేది కాదు మహాతల్లి. చేయనిదాన్ని ఒప్పుకుని, చెప్పులు తొడుక్కుని, గదికి పోయి తొట్టిలో రేకులు సర్దింది.

మేం ఏడుస్తుంటే కేకలేసింది. "ఏం పోయిందే? ఒక్క మాట పోయింది. గది ఉన్నది గద. పరీక్ష దగ్గర పడ్డది, కోన్లు పట్టుండ్రి."

గది ఉండలేదు. 'బోధకురాలు స్వయంగా తన నిర్లక్ష్యాన్ని అంగీకరించినందున, ఆడపిల్లల భద్రత దృష్ట్యా' అని మొదలుపెట్టి గదిని మూసేస్తున్నట్టు ఉత్తర్వు వచ్చింది. ఆ ముక్క ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. ఆమె ఒప్పుకోకపోతే వాళ్ళకు గది మూయడానికి కారణం దొరికేది కాదు. గది కోసం ఆమె అన్న మాటనే పట్టుకుని గది మూశారు.

ఆ రోజు మా పరీక్ష రేకులన్నీ తొట్టిలోనే ఉన్నాయి. ఉత్తర్వు మీద సంతకం పెట్టమని ఆపాను ఆఫీసుకు పిలిచారు. మేం అన్నాలకు పోయాం. తిరిగి వచ్చేసరికి తలుపుకు తాళం, తాళం మీద లక్క ముద్ర. ఆపా ప్రిన్సిపాల్ గదికి పరిగెత్తింది. అంత లావు మనిషి పరిగెత్తడం మేమెప్పుడూ చూడలేదు.

"సార్, పిల్లల రేకులు తేజాబ్‌ల ఉన్నయ్. జరసేపు తెరువుండ్రి. తీసి నీళ్ళల్ల ఏస్త, బస్. మళ్ళ మీరే తాళం ఏస్కోండ్రి."

"సీల్ పడ్డంక నా చేతుల ఏం లేదమ్మా."

"గంటల తీయకుంటె అన్నీ పోతయ్ సార్. సంవత్సరం పని."

"నా చేతుల లేదని చెప్తున్న గద."

సాయంత్రం ఆఖరి బోధన్ బస్సు వేళ దాకా ఆమె ఆ తలుపు ముందు మెట్టు మీద కూర్చుంది. లోపల తేజాబ్ దాని పని అది చేసుకుపోతోందని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు.

సామాన్ల లెక్క చూసుకోవడానికి కొన్ని రోజుల తర్వాత తలుపు తీశారు. తొట్టిలో రాగి అన్నది మిగల్లేదు. ఆ చివరా ఈ చివరా గోరంత ముక్కలు, అంతే. రేకుల వెనక మేం వేసిన పూత మాత్రం నల్లటి పొరలుగా ఎక్కడా చిరగకుండా నీళ్ళ మీద తేలుతోంది. వెనక అంత బాగా పూశాం మరి. ఆపా ఒక పొరను రెండు వేళ్ళతో పైకి తీసి, తిప్పి చూసి, మళ్ళీ అందులోనే వదిలేసింది. నేను మెహందీ జాలీ పెట్టిన రేకు అది. ఆమె నాకు 'నడుస్తది' అన్నవాటిలో అదొకటి.

మమ్మల్ని వేరే కోర్సుల్లో కలిపి పాస్ చేశారు. నా సర్టిఫికెట్లో బ్యూటీషియన్ అని ఉంటుంది. నేను కోరుకున్నదే చివరికి దక్కింది చూడండి.

దుకాణం తెరుస్తున్నప్పుడు కార్డు ఇవ్వడానికి బోధన్ పోయాను. చెల్లెలి ఇంట్లో వరండాలో కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తోంది. వేళ్ళ పసుపు మరకలు పోయి చేతులు ఎవరివో అన్నట్టున్నాయి. కార్డు తీసుకుని ఎప్పట్లాగే తిప్పింది. "ఎనక మొత్తం ఖాళీ ఉంచినవ్. చాయ్‌పత్తి పొట్లానికి పనికొస్తది" అంది. అప్పటికీ నెలలో ఒకసారి నిజామాబాద్ బస్సెక్కి ఆఫీసుకు పోయి గది తెరవమని అడిగి వస్తోందని చెల్లెలు చెప్పింది. "సార్ మళ్ళ రమ్మన్నడు" అని వస్తుందట, మళ్ళీ పోతుందట.

"ఎందుకు పోతవ్ ఆపా? వాళ్ళు తెరువరు" అన్నాను.

"మా ఊర్ల చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డంక మా గల్లీ మొగోళ్ళు రోజు గేటు కాడికి పోయి నిలబడేటోళ్ళు. తెరుస్తరు తెరుస్తరని. నేను నవ్వేదాన్ని వాళ్ళను సూసి" అంది. వెల్లుల్లి రెబ్బ ఒకటి వొలిచి గిన్నెలో వేసింది. "ఇప్పుడు నన్ను సూసి మా చెల్లె నవ్వుతది."

"నీకు పూచీ ఇచ్చినాయన అడ్డమే రాకపాయె."

"ఇంత మందికి ఎనక సూపియ్యి ఎనక సూపియ్యి అని చెప్పిన. గా సార్ చాయ్ ఇప్పిస్తే నేను ముందుదిక్కే సూసి ఊకున్న" అంది. అని, నా మీదికి కస్సుమంది. "వెల్లుల్లి వొలుసుడు రాదు గని మాటలడుగుతవ్. పట్టు ఇగో."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖంలో ఉన్నది బాధ కాదు. తన మీద తనకే అసహ్యం. దాన్ని ఆమె ముఖంలో పెట్టిన మనిషిని నేను క్షమించలేదు, క్షమించే ఉద్దేశం కూడా లేదు. ఆ తర్వాత నేను పోయిన ప్రతిసారీ ఆమె కొంచెం కొంచెం తగ్గిపోతూ కనిపించింది. చివరికి బస్సెక్కే ఓపిక పోయింది. గది గురించి అడగడం మాత్రం పోలేదు. నిజామాబాద్ నుంచి ఎవరొచ్చినా "గదికి తాళం ఉన్నదా, తీసిండ్రా?" అని అడిగేదట.

తాళం తీశారు ఆపా. ఇంగ్లీషు నేర్పుతున్నారు.

సంస్మరణ సభకు పాత విద్యార్థినులను పిలిచారు. వచ్చినవాళ్ళం వెనక వరసల్లో కూర్చున్నాం. అక్కడ కూడా ఇందల్వాయి, చిన్న కోటగిరి, నవీపేట అనే పిలుచుకున్నాం. ముఖ్య అతిథి ఎవరనుకున్నారు, ఆ ప్రిన్సిపాల్ సారే. రిటైరై ఒళ్ళు చేశాడు, తెల్ల చొక్కా వేసుకున్నాడు. మైకు పట్టుకుని ఆమె క్రమశిక్షణ గురించి చెప్పాడు, మెహందీ కోన్ల గురించి చెప్పాడు. "అన్నిటికంటే మించి, తాను చేసిన పొరపాటును పదిమంది ముందు ధైర్యంగా ఒప్పుకున్న గొప్ప మనసు ఆమెది. ఈ రోజుల్లో అట్లాంటి నిజాయితీ ఎక్కడుందమ్మా?" అన్నాడు. గొంతు కూడా కొంచెం తడి చేసుకున్నాడు. ముందు వరసల్లో చప్పట్లు కొట్టారు. ఇందల్వాయి నా మణికట్టును గోళ్ళు దిగేలా పట్టుకుంది.

మాట్లాడటం అయ్యాక అందరం గది దగ్గరికి పోయాం. నేను చేసిన ప్లేటును పళ్ళెంలో పెట్టి, మీద ఎర్ర గుడ్డ కప్పి తెచ్చారు. తలుపు పైన గోడకు అంటించే ముందు ఆపా చెల్లెలి చేతికి ఇచ్చి ఫోటో తీస్తామన్నారు. ఆమె బుర్ఖా ముసుగు పైకెత్తి గుడ్డ తీసింది. ట్యూబ్‌లైటు కింద అక్రిలిక్ తళతళ మెరిసింది. రాగి కూడా అంత మెరవదు.

ఫోటో అతను "ఇటు సూడమ్మా" అంటున్నాడు. ఆమె చూడలేదు. రెండు అరచేతుల మధ్య అంచులు పట్టుకుని ప్లేటును తిప్పింది. ఎవరు నేర్పారో, ఎన్నాళ్ళు చూసి చూసి వచ్చిందో, అచ్చం అలాగే తిప్పి, బొటనవేలితో అంచులు తడిమింది. వెనక తెల్లటి ప్లాస్టిక్, దాని మీద నేను అంటించిన రెండు టేపు ముక్కలు ఉన్నాయి.

"ఎనక ఏం లేదు గద సార్?" అంది.

ప్రిన్సిపాల్ సార్ నవ్వాడు. ఎంతో ఓపికగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"ఎనక గోడకు పోతదమ్మా. ఎవరు చూస్తరు?"

ఆ మాటకు జవాబు మాకందరికీ వచ్చు. ఆ గదిలో చదివిన ప్రతి పిల్ల మొదటి వారంలోనే ఆ ప్రశ్న అడిగింది, ఆ జవాబు వింది. చిన్న కోటగిరి, ఇద్దరు పిల్లల తల్లి, ఎప్పుడూ ముందు ఏడ్చేది అదే, గట్టిగా అంది:

"తేజాబ్ సూస్తది సార్."

"ఏందమ్మా?" అన్నాడాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. చాయ్, సమోసాలు వచ్చాయని ఎవరో పిలిచారు. జనం అటు కదిలారు.

క్లర్కు స్టూలెక్కి టేపుల మీది కాగితం లాగి ప్లేటును తలుపు పైన అంటించాడు. అరచేత్తో నాలుగు దెబ్బలు కొట్టి దిగాడు. ఆ టేపు నా దుకాణంలోదే, దాని సంగతి నాకు తెలుసు. సున్నం గోడ మీద ఒక వానాకాలం ఆగితే ఎక్కువ. పోతూ పోతూ గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో నా దుకాణం కార్డు పెట్టాను. అది ఊడి పడ్డ రోజు నాకు ఫోన్ చేయమన్నాను. రాగి రేకు ఒకటి తోమి ఉంచుతాను.